చిన్నపిల్లలకు అక్షరధ్వనులు నేర్పే పుస్తకాలు: మనమే రాసుకోవడం ఎలా?



ట్రస్టు ఉపకారవేతనాలు పొందిన పిల్లల పేర్లు ఈ పత్రికలో చూసినప్పుడల్లా మనందరికీ సంతోషం కలుగుతుంది. అయితే ఆ జాబితాలోకి రాకుండానే చదువు ఆపేసిన పిల్లల సంగతి కూడా ఒకసారి ఆలోచించాలి. వారిలో చాలామంది బడి మానేసింది తొమ్మిదో తరగతిలోనో, పదో తరగతిలోనో కావచ్చు. కాని చదువు వారికి బరువు కావడం మొదలైంది మాత్రం ఒకటి, రెండు తరగతుల్లోనే. అక్షరాలన్నీ వరుసగా అప్పజెప్పగలరు, పలక మీద దిద్దగలరు, కాని ఎదురుగా ఉన్న కొత్త మాటను చదవలేరు. మూడో తరగతి నుంచి లెక్కలైనా, పరిసరాల విజ్ఞానమైనా చదివి తెలుసుకోవలసిందే. చదవడం రాని పిల్లవాడు అక్కడినుంచి ప్రతి ఏడూ కొంత వెనకబడతాడు. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతినే గడువుగా పెట్టుకున్నది అందుకే.

పొట్టంగి ప్రాంతంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు తెలుగు చెబుతూ, వారికోసం చిన్న చిన్న పుస్తకాలు రాసుకుంటూ వస్తున్నాను. అక్షరాల ధ్వనులు నేర్పే పుస్తకం ఎలా ఉండాలి, దాన్ని మన ఇళ్ళలో, మన చేతులతో ఎలా తయారు చేసుకోవచ్చు అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాను.

అక్షరం పేరు, అక్షరం ధ్వని

ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, పలికే ధ్వని వేరు. 'సి' అని పిలిచే అక్షరం ఒకచోట 'క' అనీ, ఇంకోచోట 'స' అనీ పలుకుతుంది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. 'క' అనే అక్షరం పేరూ, పలుకూ ఒక్కటే. అందుచేత తెలుగు చదవడం తేలిక అని చాలామంది అనుకుంటారు.

తేలికే, కాని అక్షరాల లెక్క పెద్దది. వర్ణమాలలో 56 అక్షరాలు నేర్చుకుంటే పని పూర్తి కాదు. హల్లులు 36 అనుకుని ఒక్కొక్కదానికి 12 గుణింతాలు వేసుకుంటే 432 రూపాలు అవుతాయి. ఆపైన ఒత్తులు ఉండనే ఉన్నాయి. మన లిపికి తోబుట్టువు వంటి కన్నడ లిపిలో పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటున్నారో పరిశీలించి సొనాలీ నాగ్ 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. ఈ లిపులలో అక్షరాలన్నీ పట్టుబడడానికి నాలుగో తరగతి దాకా కూడా సమయం పడుతుందని అందులో తేలింది. కాబట్టి ఒకటో తరగతి చివర గుణింతాలన్నీ రాలేదని పిల్లవాడిని కోప్పడడంలో అర్థం లేదు. వచ్చిన అక్షరాలతో ఈ రోజే ఏదో ఒకటి చదివించడమే మనం చేయవలసిన పని. అందుకు ఆ అక్షరాలతోనే రాసిన పుస్తకం కావాలి.

మన పిల్లలకున్న ప్రత్యేకమైన చిక్కు

కోరాపుట్ జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది. అంతకుముందు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి రాయగడ వేరు జిల్లా అయింది. సుంకి ఘాటు దిగితే సాలూరు, ఘాటు ఎక్కితే పొట్టంగి. ఇంట్లో తెలుగు, సంతలో దేశియా, బడిలో ఒడియా, కొండ మీది ఊళ్ళలో కువి, గదబ వంటి భాషలు వినిపించే చోటు ఇది. గదబలో ఒక రకాన్ని భాషాశాస్త్రవేత్తల జాబితాల్లో 'పొట్టంగి ఓల్లర్ గదబ' అని మన ఊరి పేరుతోనే చూపిస్తారు. అది తెలుగులాగే ద్రావిడ భాష.

మన తెలుగు పిల్లలు బడిలో ముందుగా నేర్చుకునేది ఒడియా అక్షరాలు. ఇది నష్టమేమీ కాదు. రెండు లిపులకూ మూలం బ్రాహ్మీ లిపే. అక్షరాల వరుస కూడా దాదాపు ఒక్కటే. కాని ధ్వనుల్లో తేడాలున్నాయి. అవి తల్లిదండ్రులు తెలుసుకుని ఉండాలి.

మొదటిది: మనం 'అ' అనేదాన్ని ఒడియాలో 'ఒ'కు దగ్గరగా పలుకుతారు. కలం అనే మాట అక్కడ దాదాపు 'కొలొమొ' అవుతుంది. ఒడియా అలవాటైన పిల్లలు తెలుగు 'కల'ను 'కొలొ' అని చదివితే అది తెలివితక్కువతనం కాదు, బడిలో నేర్చుకున్న ధ్వనిని ఇక్కడ వాడుతున్నారు.

రెండవది: ఒడియాలో ఎ, ఏ అని గాని, ఒ, ఓ అని గాని వేరువేరు అక్షరాలు లేవు. మనకు 'మెడ' వేరు, 'మేడ' వేరు. 'కొన' వేరు, 'కోన' వేరు. ఒడియాలో ఇకారానికీ, ఉకారానికీ దీర్ఘాలు రాతలో ఉన్నాయి గాని పలకడంలో ఆ తేడా వినిపించదు. మనకు 'కుడి' అంటే ఒక వైపు, 'కూడి' అంటే కలిసి.

మూడవది: శ, ష, స మూడింటినీ ఒడియాలో 'స'గానే పలుకుతారు. మన 'వ' చాలా మాటల్లో అక్కడ 'బ' అవుతుంది.

అందుచేత మన పిల్లల కోసం రాసే తెలుగు పుస్తకంలో హ్రస్వం, దీర్ఘం తేడాకు ప్రత్యేకంగా చోటు ఇవ్వాలి. ఒక పేజీలో మెడ, ఎదురు పేజీలో మేడ బొమ్మలు వేసి, రెండు మాటలూ పెద్ద అక్షరాలతో రాస్తే చాలు. ఉపన్యాసం అక్కర్లేదు.

ఇదివరకు ఈ పని చేసినవారు

ఒడియా బడిలో చదివిన ప్రతివారికీ 'మధు బర్ణబోధ' తెలుసు. భక్తకవి మధుసూదన రావు 1895లో వెలువరించిన ఆ వాచకం తరతరాలుగా ఒడియా పిల్లల మొదటి పుస్తకం. తెలుగువారికి పెద్ద బాలశిక్ష అలాంటిది.

అయితే మన ప్రాంతానికి మరింత దగ్గరి ఉదాహరణ గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. 1863 ఆగస్టు 29న పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను వారినుంచే విని నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. ఆ పర్లాకిమిడి నేడు రాయగడకు పొరుగున ఉన్న గజపతి జిల్లాలో ఉంది. ఆయన జన్మదినాన్ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పుస్తకం రాసే ముందు ఆ పిల్లలు మాట్లాడే తీరును శ్రద్ధగా వినాలి అన్నది ఆయననుంచి మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం.

ఆయన చూపిన దారిలోనే ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో, తెలుగు లిపితో, మొదటి తరగతుల పుస్తకాలు తయారు చేశారు. ఒడిశాలో 2007లో పది ఆదివాసీ భాషలతో బహుభాషా విద్య మొదలైంది. కువి వాచకాలు ఇక్కడ ఒడియా లిపిలో ఉంటాయి. అంటే ఘాటుకు అటువైపు కువి పిల్లవాడు తన మాటను తెలుగు లిపిలో చదువుతాడు, ఇటువైపు పిల్లవాడు అదే మాటను ఒడియా లిపిలో చదువుతాడు. లిపి ఏదైనా, నోట ఉన్న మాటతో మొదలుపెట్టడమే ఈ రెండింటిలోని సూత్రం. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట్ల కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలని చెప్పింది.

విదేశాల సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. అమెరికాలో డాక్టర్ స్యూస్ అనే పేరుతో రాసిన రచయిత 1957లో ఒకటో తరగతి పిల్లలకు తెలిసే మాటల జాబితా దగ్గర పెట్టుకుని, కేవలం 236 మాటలతో 'ద క్యాట్ ఇన్ ద హ్యాట్' అనే కథ రాశారు. 1976లో బాబీ లిన్ మాస్లెన్ అనే ఉపాధ్యాయిని మాటలకు బదులు ధ్వనులను లెక్కపెట్టుకుని 'బాబ్ బుక్స్' ప్రారంభించారు. అందులో మొదటి పుస్తకం నాలుగే అక్షరాలతో నడుస్తుంది. ఆ కాస్త నేర్చుకున్న పిల్లవాడు కూడా ఒక పుస్తకం మొదటినుంచి చివరిదాకా తానే చదివానని చెప్పుకోగలడు. ఆ తృప్తి పిల్లవాడికి ఎంతో బలం.

పది అక్షరాలతో ఒక పుస్తకం

ఇదే పని తెలుగులో చేసి చూద్దాం. త, ప, ల, వ, క అనే అయిదు హల్లులు తీసుకుందాం. వీటితో తల, వల, కల, పలక, కలప అనే మాటలు వస్తాయి. మాటలు వచ్చాయి గాని వాక్యం రాలేదు. దీర్ఘం ఒక్కటి చేర్చితే తా, పా, లా, వా, కా వస్తాయి. మొత్తం పది అక్షరాలు. ఇప్పుడు తాత వచ్చాడు, పాప వచ్చింది. 'కావాలా' అనే ప్రశ్న కూడా వచ్చింది. ఇక కథ నడపవచ్చు.

1వ పేజీ: తాత.
2వ పేజీ: తాత వల.
3వ పేజీ: పాప.
4వ పేజీ: పాప పలక.
5వ పేజీ: తాతా, పలక కావాలా?
6వ పేజీ: పాపా, వల కావాలా?

పుస్తకం అంతే. అయిదో పేజీ బొమ్మలో తాత ఎండకు పలకను నెత్తిమీద పెట్టుకుంటాడు. ఆరో పేజీలో పాప వలలో దూరి చిక్కుకుంటుంది. నవ్వంతా బొమ్మల్లో ఉంటుంది, చదువంతా అక్షరాల్లో ఉంటుంది. పది అక్షరాల్లో ప్రతి ఒక్కటీ ఈ ఆరు పేజీల్లో ఎక్కడో ఒకచోట వచ్చింది. నేర్పని అక్షరం ఒక్కటి కూడా రాలేదు. ఈ రెండూ సరిచూసుకోవడమే రాసేవారి ముఖ్యమైన బాధ్యత.

రెండో పుస్తకంలో గుడి చేర్చాలి. అప్పుడు 'కావాలి' అనే జవాబు దొరుకుతుంది, కాకి కూడా ఎగిరి వస్తుంది. 'తాతకి వల కావాలి. పాపకి పలక కావాలి.' మూడో పుస్తకంలో కొమ్ము చేర్చితే పాలు, కాలు, తలుపు, పులి వస్తాయి. నాలుగో పుస్తకంలో మ, న, డ, ర వంటి కొత్త హల్లులు రెండేసి చొప్పున చేర్చుకుంటూ వెళ్ళవచ్చు. మామ, పడవ, రాత అప్పుడు కథలోకి వస్తాయి.

తాతనే ఎందుకు కథానాయకుణ్ణి చేశానని మీరు అడగవచ్చు. మన వరుస పిలుపులు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అవ్వ. అన్నింటిలోనూ ఒత్తులున్నాయి. తాత, మామ, బావ, పాప వంటి కొందరే ఒత్తు లేకుండా దొరుకుతారు. అమ్మ లేని పుస్తకం పిల్లలకు రుచించదు అనుకుంటే, 'అమ్మ' అనే ఒక్క మాటను బొమ్మతో సహా చూసి గుర్తుపట్టే మాటగా పెట్టవచ్చు. అలాంటివి పుస్తకానికి ఒకటి, మహా అయితే రెండు ఉండాలి.

రాసేటప్పుడు పాటించవలసినవి

1. పిల్లలు ఎరిగిన మాటలే వాడాలి. 'ఝ'కు ఝషం, 'ఐ'కి ఐరావతం అని నేర్పితే అక్షరంతోపాటు తెలియని వస్తువును కూడా మోయవలసి వస్తుంది. మన పిల్లలకు పనస, పసుపు, చోడి, సంత, వాగు తెలుసు. ఙ, ఞ వంటి అక్షరాలకు తొందర లేదు.

2. రూపంలో దగ్గరగా ఉండే అక్షరాలను ఒకే రోజు చెప్పకూడదు. ప, వ ఒక జత. మ, య ఒక జత. పై పుస్తకానికి ముందు 'ప'ను నాలుగైదు రోజులు బాగా అలవాటు చేసి, ఆ తరువాతే 'వ' చూపించాలి.

3. కొత్త అక్షరం ఒకసారి వచ్చి మాయం కాకూడదు. తరువాతి రెండు పుస్తకాల్లోనూ అది కనిపించాలి.

4. బొమ్మ కథ చెప్పాలి గాని మాటను చెప్పేయకూడదు. పలక బొమ్మ కింద 'పలక' అని మాత్రమే ఉంటే పిల్లవాడు బొమ్మ చూసి చెప్పేస్తాడు. 'తాతా, పలక కావాలా?' అని ఉంటే చదవక తప్పదు.

5. అక్షరాలు పెద్దవిగా, మాటకూ మాటకూ మధ్య ఎడం బాగా ఉండాలి. మాటను పంక్తి చివర విరగ్గొట్టి రాయకూడదు.

తయారీకి పెద్ద ఖర్చు లేదు. రెండు ఏ4 కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకు మడిచి, దారంతో కుడితే ఎనిమిది పేజీలు. ముందు అట్ట, ఆరు పేజీల కథ, వెనుక అట్ట మీద ఆ పుస్తకంలో నేర్చిన అక్షరాల పట్టిక. బొమ్మలు గీయడం పిల్లలకే అప్పగించండి. తాను బొమ్మ వేసిన పుస్తకాన్ని పిల్లవాడు పారేయడు.

చదివింపు, పరీక్ష

ముందు చెవి, తరువాత కన్ను. 'కలప' అన్నప్పుడు క-ల-ప అని మూడు చప్పట్లు కొట్టించండి. 'పాప' అంటే రెండు. ఏ మాట పొడుగు, ఏ మాట పొట్టి అని ఆటగా అడగండి. ఈ ఆట ఆడిన తరువాత పుస్తకం తెరవండి. మొదటిసారి మీరు వేలు పెట్టి చదవండి, రెండోసారి ఇద్దరూ కలిసి చదవండి, మూడోసారి పిల్లవాడినే చదవనివ్వండి.

చదివాడా, కంఠస్థం చేశాడా అన్నది తెలుసుకోవడానికి మూడు మార్గాలున్నాయి. బొమ్మను చేత్తో మూసి చదివించండి. పేజీలు వెనకనుంచి ముందుకు తిప్పి చదివించండి. చివరగా అవే పది అక్షరాలతో అర్థం లేని మాటలు రాసి చూపించండి: కాపవ, లావాక, తాకల. వీటిని కంఠస్థం చేసి ఉండే వీలు లేదు కనుక, తడబడకుండా పలికితే అక్షరాల ధ్వనులు నిజంగా వచ్చినట్టే. ఇక్కడ 'కాపొవొ' అని ఒడియా పలుకు వినిపిస్తే, కోప్పడకుండా 'ఇది తెలుగు ప' అని రెండు భాషల పలుకూ పక్కపక్కన వినిపించండి. రెండు లిపులు వచ్చిన పిల్లవాడికి అది అదనపు ఆస్తి.

2005 నుంచి ప్రథమ్ సంస్థ జరుపుతున్న అసర్ సర్వేలో కూడా పిల్లల ఇంటికే వెళ్ళి అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ అని నాలుగు మెట్లలో చదివించి చూస్తారు. మన పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో మనం కూడా మూడు నెలలకొకసారి చూసుకోవచ్చు.

చదువు రాని తల్లిదండ్రులు మేమేం చేయగలం అనుకోవద్దు. చప్పట్ల ఆటకు అక్షరం ముక్క రానక్కర లేదు. పొడుపు కథలు, ఇంటి మాటలు మీ దగ్గర ఉన్నాయి. పిల్లవాడు మీకు చదివి వినిపిస్తుంటే పక్కన కూర్చుని, 'తరువాత ఏమైంది?' అని అడగడమే పెద్ద సాయం.

ఉపకారవేతనం పొందుతున్న విద్యార్థులకు

ఇక ఒక విజ్ఞప్తి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ లో 2015 నుంచి తెలుగు, ఒడియాలతో సహా అనేక భాషల్లో పిల్లల కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. అదే సంస్థ 'ఆదికహానీ' పేరుతో సవర, కుయి, ముండా, జువాంగ్ భాషల్లో కూడా పుస్తకాలు తెచ్చింది. హైదరాబాదులోని మంచి పుస్తకం వారు తెలుగులో చక్కని బాలల పుస్తకాలు వేస్తున్నారు. వాటిని తెచ్చుకుని తప్పక చదివించండి. అయితే అవి కాస్త చదవడం వచ్చాక పనికివస్తాయి. ఆ మెట్టు దాకా ఎక్కించే పది అక్షరాల పుస్తకాన్ని మన పిల్లల ధ్వనులు, మన పిల్లల తప్పటడుగులు తెలిసినవారే బాగా రాయగలరు.

కాలేజీలో చదువుతున్న మీరు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మీ వీధిలో రెండో తరగతి పిల్లవాడిని ఒకరిని ఎంచుకోండి. అతనికి ఏ అక్షరాలు వచ్చో ఒక కాగితం మీద రాసుకోండి. వాటితోనే ఆరు పేజీల కథ ఒకటి రాయండి. పక్కింట్లో కువి మాట్లాడే పిల్లలుంటే వారి అమ్మమ్మను అడిగి అవే బొమ్మల కింద కువి మాటలు కూడా రాయండి. వేసవి సెలవుల్లో ఒక్కొక్కరు మూడు పుస్తకాలు రాసినా, సంవత్సరం తిరిగేసరికి మన ఊళ్ళకు ఒక చిన్న గ్రంథాలయం తయారవుతుంది.

ఇంటికి వచ్చిన పెళ్ళి శుభలేఖను తాతగారికి చదివి వినిపించగల మనవడు ప్రతి ఇంట్లో ఉండాలి. అదే పిల్లవాడు బడిలో ఒడియా పాఠాన్నీ తడబడకుండా చదవాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. ఈ పత్రికలో ముందు ముందు అచ్చయ్యే పేర్లలో ఆ పిల్లల పేర్లు కూడా ఉండాలని కోరుకుంటూ, సెలవు.